కాలరు వాసన

ఇంతటి పనికిమాలిన మనిషిని దేవుడు వెతికి వెతికి తన మెడకే ఎందుకు తగిలించాడో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టదు. భర్త విడిచిన చొక్కాను రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తోకపట్టి ఎత్తినట్టు ఎత్తి, కాలరు దగ్గర ముక్కు పెట్టింది. పొగ వాసన. నిన్నా అంతే, మొన్నా అంతే.

"మానేశానన్నారుగా?"

"మానేశానే, ఒట్టు. అది దుకాణం వాసన."

"అవును పాపం, దుకాణమే కాలుస్తోంది!"

ఆయన ఒట్లకు ఆ ఇంట్లో ఎప్పుడో విలువ పోయింది. ఒకసారి సిగరెట్ల పెట్టెను చెత్తబుట్టలో పారేసి, తెల్లారేసరికి అదే బుట్టలో మోచేతిదాకా చెయ్యి పెట్టి దేవులాడిన ఘనుడు. ఇంకోసారి పక్కింటాయనకు దానమిచ్చి, మర్నాడే ఆయన గుమ్మంలో చెయ్యి చాచాడు.

చేసేది దర్జీ పని. సన్నటి మెడ, దానికి వేలాడే టేపు, రెండు వేళ్ళ నడుమ వదలని పసుపు మరక. ఆ వేళ్ళు ఇప్పుడు ఊరికే ఉండలేక బల్లమీద, మోకాలిమీద, ఆఖరికి గోడమీద కూడా తాళం వేస్తున్నాయి. అన్నం తినగానే ఇల్లంతా పచార్లు. చెంబులకొద్దీ నీళ్ళు. లవంగాల డబ్బా ఖాళీ. ఈ నాటకమంతా ఎందుకంటే, పసిపాపతో వచ్చిన కూతురు షరతు పెట్టింది. పొగ వాసన పోతేనే మనవరాలిని చేతికిస్తుందట. పోయిందో లేదో తేల్చాల్సింది తల్లి ముక్కు.

"ఏమ్మా, ఇవాళెలా ఉంది?" గదిలోంచి అడిగింది కూతురు.

"గుప్పుమంటోంది. మీ నాన్న సంగతి నాకు తెలీదూ!"

ఆయన ఊయల దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు నిలబడ్డాడు. "అమ్మాయీ, మీరు వెళ్ళేది సాయంత్రమేగా? వచ్చి తలారా స్నానం చేస్తా. ఒక్కసారి ఎత్తుకుంటా" అని దుకాణానికి వెళ్ళిపోయాడు. కారేజీ గుమ్మంలోనే మరిచాడు. అదైనా గుర్తుంటే ఆయనెందుకవుతాడు!

మధ్యాహ్నమే అల్లుడు కారుతో దిగి, వాన వచ్చేలా ఉందని తొందరపెట్టాడు.

"నాన్న వచ్చేదాకా..." నసిగింది కూతురు.

"ఆయనకేం, ఎక్కడో ఊదుకుంటుంటారు. నువ్వు బయల్దేరు" అంది తల్లి.

పాప నిద్రలోనే వెళ్ళిపోయింది.

ఖాళీ ఊయలను చూడలేక ఆమె కారేజీ పట్టుకుని బయలుదేరింది. సిగరెట్టుతో దొరికితే ఏమనాలో దారిపొడుగునా మాటలు నూరుకుంది.

దుకాణం కిటికీ లేని గది. పొగ తెరలు తెరలుగా ఉంది. కాలుస్తున్నది యజమాని. బల్ల అంచున కూర్చుని దర్జీ నెత్తిమీదే వదులుతున్నాడు. దర్జీ తల వంచుకుని మిషను తొక్కుతున్నాడు. పళ్ళ మధ్య, బట్టమీద గీతలు గీసే సుద్దముక్క. పెదాలు పిండి రాసినట్టు తెల్లగా ఉన్నాయి.

"రండమ్మా! ఏం మందు పెట్టారీయనకి?" నవ్వాడు యజమాని. "మొహాన ఊదినా ముట్టుకోడు. మనవరాలట! నా సుద్దలన్నీ నమిలేస్తున్నాడు."

దర్జీ గబుక్కున సుద్ద తీసి బల్లమీద పెట్టాడు. "పాప లేచిందా?"

ఆమె కారేజీని బల్లమీద పెట్టింది.

"వెళ్ళిపోయారండీ. నేనే పంపించేశాను."

మిషను ఆగింది. యజమాని జాలిపడి సిగరెట్ల పెట్టెను ఆయన ముందుకు జరిపాడు. పసుపు మరక వేళ్ళు పెట్టె మూత దాకా వెళ్ళాయి. అక్కడే ఆగాయి.

"తప్పు నాదండీ" అంది ఆమె, యజమాని వింటుండగానే. "మీరు నిజంగానే మానేశారు. నేనే నమ్మలేదు."

ఆయన పెట్టెను మోచేత్తో అవతలికి నెట్టి, నీళ్ళు తాగడానికి బయటికి నడిచాడు. బల్లమీద సుద్దముక్క మిగిలింది. ఒక అంచు గీసి గీసి అరిగిపోయింది, రెండో అంచు నిండా పంటిగాట్లు.