మగవాళ్లు బయటికి నడవండి

“ఇంకెన్నాళ్లు పడుకుంటావు వేదా ఇక్కడ? నేనైతే మూడో రోజుకే పొయ్యి దగ్గరికి వచ్చేశాను” అంది అత్తగారు కమలాదేవి, ఫ్లాస్కులోంచి గ్లాసులోకి పాలు వంచుతూ.

వేదవతి పురిటి మంచం మీద ఒత్తిగిలి పాపను దగ్గరికి తీసుకుంది. కుట్లు సలుపుతున్నాయి. తార్నాకలో ఇల్లెలా ఉందో చూడకుండానే చెప్పగలదు. నానబెట్టిన బట్టలు, సింకు పక్కన అంట్లు, వేళకు కాఫీ లేదని విసుక్కునే మామగారు. అయినా ఇంటికి పోవాలనే ఉంది ఆమెకు, ఈ వార్డు నుంచి తప్పించుకోవడానికి. తలుపు బార్లా తెరిచే ఉంటుంది. మంచాల మధ్య ఒక తెర లేదు. ఎవరి బావగార్లో, ఎవరి మామలో ఎప్పుడంటే అప్పుడు వచ్చి నిలబడతారు. పాలివ్వాలంటే దుప్పటి కప్పుకోవాలి, ఆ ఉక్కకు పాప పాలు వదిలేసి ఏడుస్తుంది. స్నానాలగదికి గడియ లేదు. నిన్న భర్త పార్థసారథి తన డిపార్టుమెంటు వాళ్లను వెంటబెట్టుకొచ్చినప్పుడు ఆమె రవిక హుక్కులు కూడా పెట్టుకోలేదు. “మనవాళ్లేగా! చదువుకున్నదానివి, ఇంత సిగ్గేమిటి?” అన్నాడు. ఆర్ట్స్ కాలేజీ మెట్లమీద కూర్చుని స్త్రీల స్వేచ్ఛ గురించి ఆమెకు గంటలకొద్దీ చెప్పిన మనిషే.

పక్క మంచం మీద లచ్చవ్వ తెల్లవారుజామున ప్రసవించింది. మాణికేశ్వర్ నగర్ పిల్ల, తొలి కాన్పు. దుప్పటి గడ్డందాకా లాక్కుని కళ్లు మూసుకుని ఉంది. పెదవులు తెల్లబడ్డాయి.

“ఏమ్మా, అలా ఉన్నావేం?” అడిగింది వేదవతి.

“ఏం లేదక్కా. బట్టలన్నీ తడిసినయ్. గీ మొగోళ్లు పోయినంక సిస్టరమ్మకు చెప్త.”

ఎదుటి మంచం చుట్టూ మగ చుట్టాలు గుంపుగా చేరి, పిల్లాడు ఎవరి పోలికో వాదించుకుంటున్నారు. వేదవతి వంగి దుప్పటి అంచు ఎత్తింది. నెత్తురు పరుపు దాటి నేలమీదికి కారుతోంది.

పాపను అత్తగారి ఒళ్లో పెట్టి, పొత్తికడుపు పట్టుకుని లేచి నిలబడింది.

“సిస్టర్! త్వరగా రండి! మగవాళ్లందరూ బయటికి నడవండి!”

ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు. సరిగ్గా అప్పుడే లోపలికి వస్తున్న పార్థసారథి, వెంట ఉన్న డిపార్టుమెంటు హెడ్డు సోమయాజులు గారి ముఖం చూసి నొచ్చుకున్నాడు.

“ఏమిటా అరుపులు వేదా? సారు నిన్ను చూద్దామని...”

“మీరూ బయటికే. సారు కూడా.”

మగవాళ్లు గుమ్మం దాటుతుండగానే సిస్టరు పరుగున వచ్చింది, వెనకే డాక్టరమ్మ. ఆడవాళ్లు సంచుల్లోంచి చీరలు తీసి, మడతలు విప్పి పట్టుకుని మంచం చుట్టూ చాటు చేశారు. పాపను భుజాన వేసుకుని కమలాదేవి కూడా ఒక కొస పట్టుకుంది.

“మా చెల్లెలు ఇలాగే పోయింది. గదినిండా మగాళ్లున్నారని నోరు విప్పలేదు” అంది మెల్లగా.

ఆ మాట ఆవిడ నోట ఇన్నేళ్లలో ఎవరూ వినలేదు.

కడుపు నొక్కి, సూదిమందిచ్చి, సెలైన్ సీసా ఎక్కించాక నెత్తురు ఆగింది. “గండం గడిచింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు” అంది డాక్టరమ్మ నుదురు తుడుచుకుంటూ. వార్డంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. ఎవరో ఏడ్చారు, ఎవరో నవ్వారు. సాయంత్రానికి లచ్చవ్వ చాయ్ తాగి, కొడుకును చూసుకుని, “మస్తు గట్టిగ ఒర్రినవక్కా!” అని నవ్వింది.

డాక్టరమ్మ చెప్పడంతో మర్నాడు మంచాల మధ్య ఆకుపచ్చ గుడ్డ తెరలు వేలాడాయి. స్నానాలగదికి గడియ బిగించారు. వేదవతి దుప్పటి లేకుండా, హాయిగా గోడకు ఆనుకుని పాపకు పాలిస్తూ, “డాక్టరమ్మ పొమ్మనేదాకా నేను ఇంటికి రానత్తయ్యా” అంది. కమలాదేవి తలూపింది. పాప కాళ్లమీద గుడ్డ సర్దింది.

తెర అవతల చెప్పుల చప్పుడు ఆగింది.

“వేదా, లోపలికి రావచ్చా?”

పెళ్లయ్యాక పార్థసారథి ఆమెను ఆ మాట అడగడం అదే మొదటిసారి. వేదవతి పాప ముఖంలోకి చూసింది. ఇంకా తాగుతోంది.

“ఇప్పుడే కాదు. కాసేపు ఆగండి” అంది.

ఆయన ఆగాడు.