వేగు తిరిగొచ్చేదాకా

మేఘన చెప్పిన మాట విని ఉంటే రమణ కోట ఆ శనివారం సాయంత్రం పడిపోయేది కాదు.

"నాయనా, ఆ వేగు సచ్చిపోయినాడు. నువ్వు దండు కదిలించు."

"సచ్చినాడని ఎవురన్నా చెప్పినారా?"

"ఎవురు చెప్తారు? చలికారూ ఎండకారూ దాటినా రాలేదంటే సచ్చినట్టే లెక్క."

"చెప్పలేదు గదా. అయితే ఉందాం."

మేఘన నెత్తి కొట్టుకుంది. తండ్రీకూతుళ్ల ముందు లాప్‌టాప్‌లో ఒక మట్టికోట, దాని బురుజు మీద రెపరెపలాడే జెండా. కోట బయట రమణ సైన్యం ఈటెలు పట్టుకుని ఊరికే నిలబడి ఉంది. నిలబడి తింటోంది కూడా. గాదెలో ధాన్యం అడుగంటుతోందని తెర మూల ఎర్రదీపం వెలిగి ఆరుతోంది.

రమణ పుంగనూరు అవతల ఒక కరెంటు సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటరు. వాళ్ల నాయన కూలికి పోయి చదివిస్తే ఐటీఐ చేసి ఆ కుర్చీలో కూర్చున్నాడు. భార్య కౌసల్య కుప్పంలో ఒక ఆస్పత్రిలో నర్సు. విడాకులనే మాట ఎవరూ అనలేదు, కోర్టు మెట్లు ఎవరూ ఎక్కలేదు, ఇద్దరూ ఒకచోట ఉండటం మాత్రం మానేసి ఏళ్లయింది. మేఘన తల్లి దగ్గరే పెరిగింది. సెలవులకు పలమనేరులో బస్సు మారి తండ్రి దగ్గరికి వచ్చి పోతుంటుంది.

ఈసారి వచ్చింది ఉత్త సెలవులకు కాదు. పదో తరగతి అయిపోయింది, మంచి మార్కులే వచ్చాయి, ఇంటరు ఎక్కడ చేరాలో తేలాలి. మదనపల్లెలో చేరితే పుంగనూరు నుంచి రోజూ బస్సులో పోయి రావచ్చు, అంటే తండ్రి దగ్గర ఉండాలి. కుప్పంలో చేరితే ఉన్నచోటే ఉండిపోవచ్చు. రెండు కాలేజీల్లోనూ సీటు ఉంది. కౌసల్య "నీ ఇష్టం" అని ఊరుకుంది. రమణ ఆ మాట కూడా అనలేదు. కూతురు తన దగ్గర ఉండాలని అతనికి ఎంత ఆశ అంటే, నోరు తెరిస్తే అది బతిమాలడం అవుతుందేమోనని భయం. వీధివైపు గది కడిగించి, సున్నం వేయించి, కిటికీకి దోమల జాలి కొట్టించాడు. ఎందుకని మేఘన అడిగితే "చెదలు పట్టింటే" అన్నాడు. దోమల జాలికీ చెదలకూ సంబంధమేమిటో ఆ పిల్ల అడగకపోవడం అతని అదృష్టం.

ఆట సంగతి కూడా అట్లాగే మొదలైంది. వచ్చిన రోజు ఇద్దరి మధ్యా "తిన్నావా?" "తిన్నా," "నిద్ర పట్టిందా?" "ఊ" తప్ప ఇంకో మాట నడవలేదు. ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో కోటను ముట్టడిస్తోంది. రమణ వెనక నిలబడి చాలాసేపు చూసి, గొంతు సవరించుకుని, "నాకు నేర్పిస్తావా పాపా?" అన్నాడు. మేఘన వెనక్కి తిరిగి, తండ్రిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. కుర్చీ జరిపింది.

ఆట పేరు 'దుర్గం'. పాళెగాళ్ల కాలం. ఆడేవాడి చేతికి ఒక మట్టికోట, మూడు పల్లెలు, పిడికెడు మంది జనం ఇస్తారు. చుట్టూ కొండల మీద తనకంటే పెద్ద పాళెగాళ్లు ఉంటారు. ఒక్కొక్క ఎత్తుకు ఒక కారు గడిచిపోతుంది, వానకారు, చలికారు, ఎండకారు. ఒక్కొక్క కోటా పట్టుకుంటూ చివరికి సీమ మొత్తం ఏలాలి.

రమణ మొదటి పూటే రెండు ఏనుగులు కొన్నాడు.

"ఏనుగులు యాల కొన్న్యావు?" మేఘన కేక పెట్టింది.

"బాగుండాయి గదా, కోట తలుపులు ఇరగ్గొడతాయంట."

"తలుపుల సంగతి దేవుడెరుగు, ముందు నీ గాదె ఇరగ్గొడతాయి. రామకుప్పం పక్క రాగిచేలు ఎట్లా తింటాండాయో సూళ్లేదా నువ్వు? ఆట మొదల్లో ఏనుగుని ఎవురూ కొనరు నాయనా. అది బాగా ఉండేటోళ్లు కొనేది."

చెప్పినట్టే ఎండకారు వచ్చేసరికి గాదె ఖాళీ అయింది. మళ్లీ మొదలు. ఈసారి ఏనుగుల జోలికి పోలేదు కానీ, ఇటొకడు అటొకడు ఇద్దరు పాళెగాళ్లతో ఒకేసారి తగువు పెట్టుకున్నాడు. మళ్లీ మొదలు. మూడోసారి ఒక పల్లె పట్టుకుని, ఆ కారులోనే శిస్తు వేశాడు. పల్లె తిరగబడింది.

"ఒగనితో కొట్లాడేటప్పుడు ఇంగొగనికి దండం పెట్టాల," మేఘన పాఠం చెప్పింది. "కోట పట్టుకున్న్యాక అందురూ ముందుకు పరిగెత్తగూడదు, కొందుర్ని కావలి పెట్టి పోవాల. వానలు పడకముందే దండుని ఇంటికి మళ్లించాల. ఇంగ కొత్తగా చేరిన ఊరిని ఒక ఏడాదిదాకా ఏమీ అడగొద్దు. శిస్తు అడగొద్దు, మనుషుల్ని అడగొద్దు. ఊరికే ఉండనీ. దానంతట అదే నీదవుతాది."

ఈ చివరి సలహాను రమణ ఆటలో కంటే ఇంట్లో ఎక్కువ పాటించాడు. కాలేజీ మాట నాలుక చివరిదాకా వచ్చిన ప్రతిసారీ లేచి వెళ్లి కాఫీ పెట్టుకొచ్చాడు. ఆ వారం ఇద్దరూ తాగినంత కాఫీ ఆ ఇంట్లో ఎప్పుడూ కాగలేదు.

కానీ అతనికి సంతోషంగా ఉంది. కూతురు తనను తిడుతోంది, నవ్వుతోంది, తన చేతి మీద కొట్టి మౌసు లాక్కుంటోంది. లాక్కున్నప్పుడల్లా ఆమె ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపలేకపోవడం అతని కంటపడుతూనే ఉంది.

శనివారం నాటికి రమణ ఫరవాలేదనిపించే పాళెగాడయ్యాడు. నిండిన గాదె, నెమ్మదిగా ఉన్న పల్లెలు, ఒక్కడే శత్రువు. దాడికి ముందు ఎదుటి కోట గుట్టు తెలుసుకోవడానికి ఒక వేగును పంపాలి. పంపాడు. వేగు తిరిగి రాలేదు. దాంతో రమణ ఆగిపోయాడు. వేగు లోపల ఉండగా కోట మీద నిప్పు ఎట్లా వేస్తామన్నది అతని వాదన.

"వాడు బొమ్మ నాయనా! ఆటలో వేగులు పోతారు, కొందురు వస్తారు, కొందురు రారు. రానోళ్ల కోసరం ఎవురూ ఆగరు. ఇంగొగన్ని కొనుక్కుంటారు."

"వస్తాడేమో సూద్దాం."

చూస్తూ ఉండగానే గాదె ఖాళీ అయింది, ఆకలికి సగం దండు విడిపోయింది, ఎదుటి పాళెగాడు వచ్చి కోట పట్టుకున్నాడు. రమణకు మూలన ఒక్క పల్లె మిగిలింది. 'మళ్లీ మొదలుపెడతారా?' అని ఆట అడిగింది.

మేఘనకు నిజంగానే కోపం వచ్చింది. వారం రోజులు నేర్పింది మరి. "చెప్తానే ఉండా గదా! గెలిచేటోడివి. యాల ఆగినావు? చెప్పు, యాల?"

రమణ మెడ నిమురుకున్నాడు. "అలవాటు పాపా. మా సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ అని ఒగటి ఉండాది, లైన్ క్లియర్. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు నాకు ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకుంటాడు. నేను ఆ లైన్‌కి కరెంటు ఆపేస్తా. పని అయినాక ఆయప్పే ఫోన్ చేసి ఎల్‌సీ తిరిగియ్యాల. నేను ఫలానా, మనుషులంతా దిగినారు, లైన్ మీద ఎవురూ లేరు, సప్లై ఇచ్చుకోవచ్చు, అని చెప్పాల. ఆ మాటే నేను తిరిగి చెప్పాల. అప్పుడు గానీ స్విచ్చి మీద చెయ్యి పెట్టను."

"పక్కనోళ్లు చెప్తే?"

"ఒప్పుకోను. సర్పంచి చెప్పినా ఒప్పుకోను. ఎక్కినోడే చెప్పాల."

"ఫోన్ రాకపోతే?"

"వచ్చేదాకా ఉండాల. తొందరపడి ఇచ్చినామంటే పైనుండే మనిషి పోతాడు."

తెర మీద ఆట అడిగిన ప్రశ్న అట్లాగే ఉంది. మేఘన కుడిచేత్తో ఎడమ మోచెయ్యి పట్టుకుంది.

"నాకు చెయ్యి ఇరిగిన పొద్దు గూడా ఇదేనా?"

ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని రమణకు తెలుసు, ఆట మధ్యలో వస్తుందనుకోలేదు.

మేఘన చిన్నప్పుడు మిద్దె మెట్ల మీద నుంచి పడింది. కౌసల్య ఫోన్ చేసింది, రమణ "వస్తాండా" అన్నాడు, రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి ఆమె ఒక్కతే బిడ్డను ఒళ్లో వేసుకుని ఆటోలో మదనపల్లె ఆస్పత్రికి పోయింది. ఎముక సరిగ్గా అతుక్కోలేదు. భార్యాభర్తల మధ్య తర్వాత చాలా వచ్చాయి, అతని షిఫ్టులు, ఆమె ఉద్యోగం, ఇద్దరి నోళ్లు. కానీ కథ చెప్పుకునేటప్పుడు అందరూ ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టేవాళ్లు. మేఘన విన్న కథలో ఉన్నదల్లా ఒక్క ముక్క, నాయన రాలేదు.

"ఇదే పాపా. చౌడేపల్లె లైన్‌లో గాలికి తీగ తెగింటే లక్ష్మయ్య అని ఒక లైన్‌మన్ ఎల్‌సీ తీసుకుని పోయినాడు. వానకి ఆయప్ప ఫోన్ పోయింది. నా తర్వాత షిఫ్టుకి రావాల్సినాయన వానలో యాడో ఇరుక్కున్న్యాడు. ఊళ్లోళ్లేమో గేటు కాడికొచ్చి కరెంటియ్యమని అరస్తాండారు. నేను లేచి పోతే వాళ్లు తోసుకొచ్చి స్విచ్చి వేసేసేటోళ్లు."

"అమ్మకి చెప్పినావా?"

"ఆ పొద్దు చెప్పినా. ఇనే ఓపిక మీ అమ్మకి ల్యా. ఒళ్లో నువ్వు ఏడస్తాండావు, ఎట్లుంటాది ఓపిక? తర్వాత చెప్పే మొగం నాకు ల్యా."

"ఆయప్ప ఇప్పుడు యాడుండాడు?"

"ఎవురు, లక్ష్మయ్యా? చౌడేపల్లెలోనే ఉండాడు. పోయిన నెల మనవరాలికి పేరు పెడతా ఉంటే పిలిచినాడు, పోయొచ్చినా."

మేఘన మౌసు తీసుకుని, 'మళ్లీ మొదలుపెడతారా?' అన్నదానికి వద్దని నొక్కింది. ఓడిపోయిన ఆటనే, ఆ ఒక్క పల్లెతోనే, ముందుకు జరిపింది. ఒక కారు గడిచింది. ఇంకొకటి గడిచింది. దండు లేదు, కోట లేదు, చేసేందుకు ఏమీ లేదు. ఆమె నొక్కుతూనే ఉంది. రమణ వద్దనలేదు.

ఇంకో వానకారు మొదలవుతుండగా తెర అంచు నుంచి చిన్న బొమ్మ ఒకటి కుంటుకుంటూ పల్లెలోకి వచ్చింది. వేగు. గాయపడి పట్టుబడ్డాడట, తప్పించుకుని వచ్చాడట, ఎదుటి కోట ఉత్తరపు బురుజు పాడుబడి ఉందట.

"నాయనా!" మేఘన అరిచింది. "వచ్చినాడు! ఇట్లా వస్తారని నాకే తెలీదు. ఇంతసేపు ఎవురు ఆగతారు?"

ఆ వార్త ఇప్పుడు దేనికీ పనికిరాదు, దాడికి మనుషులే లేరు. అయినా ఇద్దరూ పిచ్చివాళ్లలా నవ్వారు. నవ్వుతూనే రమణ లేచి కాఫీకి పోయాడు, కళ్లు తుడుచుకోవడానికి.

ఆదివారం ఆమెను పుంగనూరు బస్టాండులో పలమనేరు బస్సెక్కించాడు. కాలేజీలో చేరడానికి గడువు ఇంకొద్ది రోజులే ఉంది. కిటికీ దగ్గర నిలబడి చెప్పవలసిన మాటను ఎన్నిసార్లో కూడగట్టుకుని, చివరికి "సంచిలో బిస్కెట్లు పెట్టినా, దారిలో తిను" అన్నాడు. మేఘన తలూపింది. ఏ సంగతీ ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. బస్సు కదిలిపోయాక తనను తాను తిట్టుకుంటూ డ్యూటీకి పోయాడు. ఆటలో సలహా ఆటలో పెట్టుకోక ఇంటికెందుకు తెచ్చుకున్నావురా అని దారంతా తిట్టుకున్నాడు.

మూడు రోజులు ఏ కబురూ లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం, అతను డ్యూటీలో ఉండగా, కౌసల్య ఫోన్ చేసింది. ఆమె ఫోన్ చేయడమే అరుదు.

"పాప మదనపల్లెలోనే చేరతాదంట. నీ కాడ ఉంటాదంట," అంది పొడిగా. "సోమవారం దించేసి పోతా."

ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవారు. రమణ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎదురుగా మీటర్ల ముళ్లు కదులుతున్నాయి. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం ఇది: "పాపని చెప్పమను."

"ఏమప్పా, నేను చెప్తే చాలదా? నా మాట మీద నమ్మకం ల్యా నీకు?"

"నమ్మకం గాదు కౌసల్యా. పోయిన మనిషే చెప్పాల."

అవతల ఆస్పత్రిలో ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక వినిపించింది.

"ఆ పొద్దు గూడా ఈ మాటే అన్న్యావు," అంది కౌసల్య. గొంతులో కోపం లేదు. "పాప అంతా చెప్పింది. ఈడే ఉండాది, ఇస్తా."

ఫోన్ చేతులు మారింది. రమణకు కూతురి ఊపిరి వినపడింది. నవ్వు ఆపుకుంటోందో, ఇంకేదో ఆపుకుంటోందో తెలియలేదు.

"హలో, నేను మేఘనని మాట్లాడతాండా, కుప్పం నుంచి. మనుషులంతా దిగినారు. లైన్ మీద ఎవురూ లేరు. సప్లై ఇచ్చుకోవచ్చు."

ఆ మాటను ఆపరేటరు తిరిగి చెప్పాలి. రమణ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నిద్రలో లేపినా చెప్పగలిగిన మాట అది.

"మేఘన... కుప్పం నుంచి," అన్నాడు. "మనుషులంతా దిగినారు. లైన్ మీద..."

అక్కడ ఆగిపోయాడు.

"పూర్తిగా చెప్పు నాయనా," అంది మేఘన. "చెప్పేదాకా నేను ఫోన్ పెట్టను."

ఆమె ఫోన్ పట్టుకుని అట్లాగే ఆగింది.