సన్నమెడ గిటారు

గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలుతో శివరామన్ మామగారి వీపు తుడుస్తున్నాడు. ఆయన్ను పక్కకు వత్తిగిలించి, భుజం కింద ఎడమ మోచెయ్యి ఆనించి, కుడి చేత్తో మెడ దగ్గర నుంచి నడుము దాకా ఒకే ఊపున తుడిచాడు. పుండ్లు పడకుండా పౌడరు చల్లాడు. త్యాగరాజన్ రెడ్డియారుకు ఎడమ పక్క పడిపోయి మూడేళ్ళయింది. సొంతూరు అరియాంకుప్పంలో తన చెరుకు తోట మధ్య నిలబడి ఆయన కేక వేస్తే రోడ్డు మీదికి వినపడేదంటారు. ఇప్పుడు ఆ మనిషి ఒళ్ళు ఒక్క చేతి మీద తేలిగ్గా ఆగుతుంది.

"నీళ్ళు చల్లగుండాయి మాప్ళా."

"లేదు మామా. మీకట్ల తోస్తాది."

ఇంకా నయం, సుస్తీ చేసినా ఆయనకు మాట పోలేదు. అల్లుడిని 'మాప్ళా' అని మర్యాదగా పిలవడమూ మానలేదు. కొడుకు ముకుందన్‌ది మేడ మీద ఇల్లు, ఇరుకు మెట్లు. అందుకని పెద్దాయన రెడ్డియార్‌పాళయంలో కూతురి ఇంటికి చేరాడు. కూతురికి ఆయన్ను ఎత్తే శక్తి లేదు. ఎత్తడం, తుడవడం, గడ్డం గీయడం శివరామన్ పని అయింది. ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. పొద్దున షాపుకు పోయే ముందు ఇవన్నీ చేసి, మధ్యాహ్నం సైకిలు మీద ఇంటికొచ్చి ఆయనకు అన్నం తినిపించి మళ్ళీ పోయేవాడు.

వంటింట్లోంచి రంజని అడిగింది. "మద్దేనం వస్తారు గదా?"

"రాను. ఈపొద్దు షాపులో పెద్ద ఆర్డరుండాది. నువ్వే పెట్టెయ్."

ఆ మాట అతను భార్యతో అనలేదు, గోడకున్న క్యాలెండరుతో అన్నాడు. మామగారు తల తిప్పి అతని వంక చూశాడు. శివరామన్ బకెట్టు తీసుకుని గబగబా పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అతను పనిచేసేది మిషన్ వీధి వెనక సందులో, పటాలు కట్టే షాపులో. దేవుళ్ళ పటాలు, పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు. కర్రకోత, గాజుకోత, మేకులు, వెనక అట్ట. పాతికేళ్ళుగా అదే బల్ల, అదే స్టూలు. ఓనరు సుధాకరన్ ఎప్పుడూ అతన్ని తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. కొన్నేళ్ళ కింద గాజు పలక జారి ఎడమ బొటనవేలి కింద లోతుగా తెగింది. కుట్లు మానాయి గాని ఆ వేలు మునుపటిలా వెనక్కి విచ్చుకోదు. పని ఆగలేదు కనుక దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. శివరామన్ ఒక్కడికే తెలుసు ఆ వేలు ఏమి పోగొట్టుకుందో.

పెళ్ళికి ముందు అతను ఒక లైట్ మ్యూజిక్ ట్రూపులో గిటారు వాయించేవాడు. ముందు వరుసలో కాదు. డ్రమ్ముల పక్కన, సగం చీకట్లో, పాటకు వెనకనుంచి తాళం పట్టే గిటారు. పెళ్ళిచూపుల్లో ఆ సంగతి చెప్పలేదు. పెళ్ళైన ఏడాది అరియాంకుప్పంలో అమ్మవారి తిరునాళ్ళకు వాళ్ళ ట్రూపే వచ్చింది. మెరుపుల చొక్కా వేసుకుని స్టేజీ మీదున్న అల్లుడిని రెడ్డియారు జనంలోంచి చూశాడు. అక్కడేమీ అనలేదు. మర్నాడు హాల్లో కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగాడు.

"రెడ్డియారు అల్లుడు కూత్తాడి అని నలుగురూ అంటే, నేను తలెట్ల ఎత్తేది మాప్ళా?"

స్టేజీ ఎక్కేవాళ్ళను ఈసడించే ఆ తమిళ మాట విని శివరామన్‌కు కోపం రావలసింది. రాలేదు. "మానేస్తాను మామా" అన్నాడు, అప్పటికప్పుడే, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే. గిటారు ట్రూపుది. తిరిగి ఇచ్చేశాడు. ఇన్నేళ్ళలో అతన్ని తొలిచింది మామగారి మాట కాదు. తనొక్కసారైనా కాదనకపోవడం.

నిరుడు ఒకనాడు మామగారి చెయ్యి పట్టి లేపుతుంటే, ఆ సన్నటి మణికట్టు మీద తన వేళ్ళు వాటంతట అవే, గిటారు తీగలు నాలుగైదు కలిపి నొక్కినట్టు, ఒక కార్డు పట్టడం చూసుకున్నాడు. ముసలాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. శివరామన్ సిగ్గుతో చెయ్యి వదిలేశాడు. అయినా ఆ కోరిక వదల్లేదు. ఎలక్ట్రిక్ గిటారైతే కరెంటు పెట్టకుండా వాయించుకోవచ్చు, పక్క గదిలోకి కూడా వినపడదు. యాభై దాటిన వయసులో, దొంగతనంగా, చెవి దగ్గర దోమ పాడినంత చప్పుడుతో. అంతకంటే అతను ఏమీ అనుకోలేదు.

టౌనులో ఒక షాపులో పాత గిటారు పట్టి చూశాడు. నెక్, అంటే వేళ్ళు పట్టే మెడకర్ర, రోకలిలా లావుగా ఉంది, బొటనవేలు చుట్టుకోలేదు. ముత్యాలపేటలో ఒకరింట్లో ఇంకొకటి చూశాడు, అదీ అంతే. రెండుచోట్లా "మా అబ్బాయికి" అని చెప్పాడు. అతనికి పిల్లలు లేరు.

ఆ రోజు సుధాకరన్‌తో ఆసుపత్రికి పోవాలని సెలవు తీసుకున్నాడు. కాలాపేట బస్సెక్కాడు. యూనివర్సిటీలో చదువు ముగించి ఊరికి వెళ్ళిపోతున్న అమ్మాయి ఒకతె గిటారు అమ్ముతానని ఫోన్లో ప్రకటన పెట్టింది. నెక్ చాలా సన్నం, చిన్న చేతులకు బాగుంటుంది అని రాసింది. ఫోను చేసి తమిళంలో మొదలుపెడితే ఆమెకు సరిగా రాలేదు. తెలుగమ్మాయి.

ఈసీఆర్ రోడ్డు పక్క సందులో, జాలర్ల ఇళ్ళు మొదలయ్యే చోట ఆమె అద్దెకున్న గది. వరండాలో సర్దిన అట్టపెట్టెలు. చుడీదారు చేతులు పైకి మడిచిన ఇరవై రెండేళ్ళ పిల్ల. పేరు అభినయ, ఊరు అనంతపురం.

"రండి అంకుల్. అబ్బాయి రాలేదా?"

"కాలేజీ ఉండాది వానికి."

"అవునా! ఏం పేరు?"

శివరామన్ దీనికి సిద్ధపడి రాలేదు. "మణికంఠన్" అనేశాడు. పెళ్ళైన కొత్తలో, కొడుకు పుడితే పెట్టాలని తనూ రంజనీ అనుకున్న పేరు. ఎన్నో ఏళ్ళుగా ఇంట్లో ఎవరూ పలకని పేరు. నోటినుంచి వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవాలనిపించింది.

అభినయ లోపలినుంచి గిటారు తెచ్చింది. ఎరుపు రంగు, మూలల్లో పెచ్చులు లేచి కింది కర్ర కనపడుతోంది. "మరి నెక్ సరిపోతుందో లేదో మీకెలా తెలుస్తుంది?" అంది.

"వాని చెయ్యీ నా చెయ్యీ ఒకటే మాదిరి."

ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని తొడ మీద పెట్టుకున్నాడు. అరచెయ్యి నెక్ వెనక్కి పోనిచ్చాడు. బొటనవేలు ఏ నొప్పీ లేకుండా వెనకాల ఆనుకుంది. వేళ్ళు తీగల మీదికి వచ్చి చేరాయి. మామగారి మణికట్టు గుర్తొచ్చింది. అంతే సన్నం, అంతే నునుపు. కాసేపు కదలకుండా అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత వాయించాడు. ఒక కార్డు, దాని వెనక మరొకటి, చెయ్యి మర్చిపోయిందనుకున్నవి ఒకదాని వెంట ఒకటి. ఎక్కడో రెండుచోట్ల తప్పాడు. సముద్రం వైపు నుంచి గాలి వస్తోంది. ఎంతసేపు వాయించాడో అతనికి తెలియలేదు.

తలెత్తేసరికి అభినయ గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. ఆమెకు అర్థమైపోయిందని అతనికి అర్థమైంది.

"వానికి... నేనే నేర్పిస్తా" అన్నాడు.

"నేర్పండి అంకుల్" అంది ఆమె. నవ్వలేదు. ఎవరికని మళ్ళీ అడగలేదు కూడా. అతను లెక్కపెట్టి ఇచ్చిన డబ్బు తీసుకుని, గిటారును దాని బ్యాగులో పెట్టి, కొత్త తీగల ప్యాకెట్టు ఒకటి బ్యాగు జేబులో వేసి, జిప్పు లాగి, అతని భుజానికి తగిలించింది. ఆ పిల్ల జాలిపడిందనిపించి శివరామన్ చెవులు వేడెక్కాయి. ఆమె ముఖం చూడకుండానే గేటు దాటాడు.

తిరుగు బస్సులో నిలబడ్డాడు. నల్లటి పొడుగు బ్యాగు వంక అందరూ చూస్తున్నారు. జేబులో ఫోను వణికింది. రంజని. షాపులో ఉన్నానని చెప్పాలంటే వెనక బస్సు హారను వినపడకూడదు, కండక్టరు కేక వినపడకూడదు. దిగాక చేద్దామనుకున్నాడు. మళ్ళీ వణికింది. మళ్ళీ. జేబు మీద చెయ్యి అదిమిపెట్టి, అందరికీ వినపడుతోందేమోనని చుట్టూ చూశాడు. లాస్‌పేట దాటాక ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు. దిగాక ఫోను కట్టేసి, ఆ బ్యాగుతో ఇంట్లోకి ఎట్లా పోవాలో తేల్చుకోలేక బస్టాండులో రెండు గంటలు కూర్చున్నాడు.

ఇంటి వీధి మలుపు తిరిగేసరికి చెప్పులు కనపడ్డాయి. తమ గేటు ముందు, ఎదురింటి అరుగు పక్కన, ఎన్నో జతల చెప్పులు. ఒక ఆటోలోంచి ప్లాస్టిక్ కుర్చీలు దింపుతున్నారు. పోయింది ఎవరో ఒకరు చెప్పక్కర్లేకపోయింది. మొదట వచ్చిన ఆలోచన మామగారి గురించి కాదు. ఈ బ్యాగు ఎక్కడ పెట్టేది?

మలుపులో ఇస్త్రీ బండి సెంగమలం ఉంది. "అక్కా, ఇది కాసేపు నీ బండి కింద పెట్టుకో" అంటూ బ్యాగు భుజం నుంచి దించుతున్నాడు.

"పెద్దాయన పోయినాడు సామీ, నీకు తెలీదా? లోపలికి పో ముందు" అంది ఆమె, చేతిలో ఇస్త్రీపెట్టెతోనే.

అప్పటికే ముకుందన్ చూశాడు. కుర్చీల దగ్గర నుంచి వచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"యాడికి పోయినారు బావా? నేను షాపుకి పోయి వస్తి. ఆస్పత్రికని లీవు పెట్టినారంట. మీకేమన్నా ఒళ్ళు బాగలేదా?"

బావమరిది తనమీద దిగులుపడుతున్నాడని తెలిసి శివరామన్ బ్యాగును వెనక్కి జరుపుకున్నాడు.

"ఏంది ఇది?"

"ఫ్రెండుది."

"ఇట్లియ్యండి. మీరు లోపలికి పోండి" అని ముకుందన్ బ్యాగు అందుకున్నాడు. బంధువుల మధ్య నుంచి మోసుకెళ్ళి, ఇంకెక్కడా చోటు లేక, హాల్లో గోడకు నిలబెట్టాడు. పెద్దాయన్ను పడుకోబెట్టిన బెంచీకి అవతల, దీపానికి కాస్త ఎడంగా. బ్యాగైతే నల్లగానే ఉంది గాని లోపలున్నదేమిటో దాని నడుమూ మెడా చూసి ఎవరైనా చెప్పగలరు.

రంజని తండ్రి తల దగ్గర కూర్చుని ఉంది. భర్తను చూసింది. తర్వాత గోడ వైపు చూసింది. అరియాంకుప్పం నుంచి వచ్చిన పెద్దత్త అన్నమ్మాళ్ కళ్ళు చికిలించి అడిగింది.

"అదేంది పాపా, వీణా?"

"గిటారు పెద్దత్తా" అంది రంజని. "ఈయనదే."

కోపంగా అనలేదు, వెటకారంగా అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. శివరామన్‌కు నేల మీద కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు.

స్నానం చేయించే వేళకు మగవాళ్ళు తడబడ్డారు. ఎలా ఎత్తాలో ఎవరికీ తెలియలేదు. "బావా, మీరు రాండి" అన్నాడు ముకుందన్. శివరామన్ చొక్కా విప్పి, భుజం కింద మోచెయ్యి ఆనించి, పొద్దున తిప్పినట్టే పక్కకు తిప్పాడు. అందరూ అతను చెప్పినట్టు చేశారు. "అల్లుడైనా కొడుకు మాదిరి చూసినాడు" అని ఎవరో అన్నారు. ఆ మాట వీపు మీద చురకలా తగిలింది. వీపు తుడిచాడు. అప్పటికే దవడ గుడ్డతో కట్టి ఉంది. బుగ్గలు బాగా లోపలికి పోయి, ముఖం చిన్న పిల్లవాడిలా కుదించుకుపోయి ఉంది. చావు అట్లా చేస్తుందేమో అనుకున్నాడు. నిజానికి అతని మనసు సగం హాల్లోనే ఉంది. ఆ బ్యాగును ఎవరైనా తెరుస్తారేమోనని.

పొద్దు గుంకకముందే తీసుకుపోయారు. ముకుందన్ నిప్పు పెట్టాడు. శివరామన్ వెనక వరుసలో నిలబడ్డాడు.

తిరిగొచ్చి పెరట్లో తలమీద నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో లోపలికి వచ్చాడు. హాలు కడిగేశారు. బ్యాగు అక్కడ లేదు. రంజని దాన్ని లోపలి గదిలో మంచం మీద పెట్టింది, ఎవరి కాలూ తగలకుండా. దాహమేసి వంటింట్లోకి వెళ్ళాడు. కిటికీ దగ్గర స్టీలు గ్లాసు మీద చిన్న పళ్ళెం మూతపెట్టి ఉంది. కాఫీయేమోనని తీశాడు. తీసి అట్లాగే నిలబడిపోయాడు.

వెనక నుంచి రంజని చెప్పింది, గొంతు తగ్గించి. "అన్నం కలిపి, సెట్టు పెడతానంటే నోరు తెరవలే. నువ్వు పెడితే చిగురు నొస్తాది, మాప్ళ రానీ అన్నాడు. దానికే ఫోను చేసినా. మళ్ళా చేసినా. అన్నం ఆరిపోయింది. కొంచేపు పడుకుంటా అన్నాడు... అంతే."

శివరామన్ క్షమించమనాలనుకున్నాడు. ఆ మాట రంజనికి చెప్పాలో ఎవరికి చెప్పాలో తెలియలేదు.

"నాకూ గుర్తు లేకపోయె. స్నానం పోసేటప్పుడన్నా పెట్టుంటే..." అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

అతను పళ్ళెం పక్కన పెట్టాడు. గ్లాసులో నిండా నీళ్ళు, ఆ నీళ్ళ అడుగున, గులాబీ రంగు చిగుళ్ళతో, శుభ్రంగా కడిగిన పెద్దాయన పళ్ళ సెట్టు.