అడై పెట్టమన్న మాట

జయలక్ష్మమ్మ విల్లియనూరుకు బయలుదేరిన ఉదయం, బండెక్కే ముందు భర్తకు రెండే పనులు అప్పగించింది. తవుడుకుండలో దాచిన తొమ్మిది గుడ్లను ఎవరూ ముట్టుకోకూడదు. మిగిలిన ఒక్క పెట్టకు వేళకు గింజలూ నీళ్లూ పెట్టాలి.

అంతకు మూడు రోజుల ముందు ముంగిస గూట్లో దూరి పుంజునూ రెండు పెట్టలనూ చంపేసింది. అవి మెడమీద ఈక మొలవని బోసిమెడ కోళ్లు. పుట్టింటి నుంచి తల్లి బుట్టలో పెట్టి ఇచ్చిన జంటకు నాలుగో తరం. పుంజు పోయింది కనుక ఆ జాతి ఇక ఆ పెరట్లో నిలవాలంటే ఆ తొమ్మిది గుడ్లలోంచే నిలవాలి. కూతురి పురుటికి వెళ్లక తప్పదు. మనసును కుండ దగ్గరే ఉంచి మనిషి మాత్రం బండెక్కింది.

ఆమె భర్త పద్మనాభన్ సర్కారు బడిలో ముప్పై ఏళ్లు ప్రకృతిశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్న ఉపాధ్యాయుడు. ఫ్రెంచిలో పాఠం చెప్పి, తమిళంలో బజారు చేసి, ఇంట్లో తెలుగు మాట్లాడే పుదుచ్చేరి మనుషుల్లో ఆయనొకడు. ఎవరు ఏ వింత చెప్పినా "నువ్వు చూశావా, ఎవరో చెప్పగా విన్నావా?" అని అడగడం ఆయన అలవాటు. దయ్యాలూ దిష్టులూ ఆయన ఎదుట ఎక్కువసేపు నిలిచేవి కావు. కోళ్ల సంగతి మాత్రం ఆయనకు అంతగా తెలియదు. అది ఆడవాళ్ల రాజ్యమనుకుని ముప్పై ఏళ్లుగా పెరటి గడప దాటలేదు.

నాలుగో రోజున పెట్ట గూడు దిగలేదు. గింజలు చల్లినా రాలేదు. చెయ్యి చాపితే ఈకలు నిక్కబొడుచుకుని, గొంతులో కుర్రుమని గుర్రుపెట్టి, వేలు పొడిచింది. ఆ తరువాత కూడా రోజుకొకసారి దిగి, నాలుగు గింజలు తిని, ముక్కు మూసుకోవలసినంత పెద్ద రెట్ట వేసి మళ్లీ ఎక్కి కూర్చునేది. తురాయి ఎరుపు తగ్గింది. పొట్ట కింద ఈకలు తనే పీక్కున్నట్టుంది. అక్కడ చర్మం చేతికి వెచ్చగా తగిలింది.

జబ్బేమోనని పద్మనాభన్ కలవరపడ్డాడు. విల్లియనూరు నుంచి రోజూ కూరగాయలు తెచ్చే బండి వీరాసామితో భార్యకు కబురు పంపాడు. మరునాటి ఉదయం జవాబు వచ్చింది.

"పెట్ట గూడు వదలకపోతే అడై పెట్టమనింది అమ్మ. ఆలస్యం చెయ్యొద్దనింది అయ్యా" అన్నాడు వీరాసామి.

అడై అనే తమిళ మాట పద్మనాభన్‌కు బాగా తెలుసు. మూసి పెట్టడం, బంధించడం. బడిలో అల్లరి పిల్లలను ఎన్నిసార్లు గదిలో అడైచ్చి పెట్టించలేదు? అయినా మనసు కుదుటపడక, పాత సహోద్యోగి రంగరాజన్ ఇంటికి వెళ్లి, కోళ్ల పెంపకం మీద ఫ్రెంచి పుస్తకం ఒకటి అరువు తెచ్చుకున్నాడు. అందులో తన పెట్ట ముచ్చటంతా అక్షరాలా ఉంది. ఇది జబ్బు కాదు, పొదిగే కోరిక. అది అణగాలంటే పెట్టను గడ్డి లేకుండా, అడుగున సందులున్న కొయ్యబోనులో, గాలీ వెలుతురూ తగిలే చోట ఉంచాలి. తిండీ నీళ్లూ తగ్గించకూడదు. మూడు నాలుగు రోజుల్లో పొట్ట చల్లబడి పెట్ట మామూలవుతుంది.

కుండలో గుడ్లున్నాయి కదా, వాటి మీదే కూర్చోబెట్టవచ్చు కదా అన్న ఆలోచన ఆయనకు రాకపోలేదు. కానీ ఇది తొలిసారి గుడ్లు పెడుతున్న పెట్ట. పడుచు పెట్టలు నిలకడగా పొదగవని అదే పుస్తకంలో ఉంది. విల్లియనూరు నుంచి ముసలి పెట్టను తెచ్చే ఉద్దేశంతోనే భార్య దీన్ని మూసి పెట్టమని చెప్పి ఉంటుంది. పల్లెమాటా పుస్తకమూ ఇంత చక్కగా ఏకమవడం ఆయనకు ఎక్కడా తారసపడలేదు. అందరి మాటనూ శంకించే మనిషి ఆ ఒక్క మాటను శంకించలేదు.

ఆయన బోను కడుతుంటే పక్కింటి కమలమ్మాళ్ గోడ మీదుగా చూసింది. ఆమె కోడి కూడా అదే పంతంలో ఉంది. ఆమె వైద్యం వేరు. పెట్టను మూడు మునకలు నీళ్లలో ముంచి, దాని ఈకే ఒకటి పీకి ముక్కు రంధ్రాల్లో అడ్డంగా గుచ్చింది. ఈక విదిలించుకునే తిప్పలో పడి కోడి గూటిని మరిచిపోతుందట.

"మరిచిపోగా చూశావా అక్కా, విన్నావా?" అన్నాడు పద్మనాభన్.

"మీ బోనులో మీది మరిచిపోనీ, అప్పుడు చూస్తాం గానీ వాద్యారయ్యా" అని ఆమె గోడ దిగిపోయింది. పంతులును ఆ వీధిలో వాద్యారనే పిలుస్తారు.

నాలుగు రోజులు ఆయన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. రెండో రోజుకు గుర్రు తగ్గింది. మూడో రోజుకు ఈకలు సర్దుకున్నాయి. నాలుగో రోజు బోను తెరిస్తే పెట్ట గూటివైపు చూడకుండా నేరుగా చెత్తకుప్ప మీదికి పోయి కాళ్లతో గీరుకోసాగింది. "పద్ధతి నాలుగు రోజులలో ఫలించినది" అని రాసి కింద గీత గీశాడు. గోడ అవతల కమలమ్మాళ్ కోడి ముక్కున ఈక ఉండగానే, నత్తు పెట్టుకున్న పెద్దమ్మలా, గూటిలో బిగిసి కూర్చుంది. ముక్కు కుట్టినా దానికి బుద్ధి రాలేదని ఆమెతో రెండుసార్లు అన్నాడు. ఆమె నవ్వలేదు.

మరునాటి మధ్యాహ్నం జయలక్ష్మమ్మ దిగింది. మనవరాలు పుట్టిందని చెప్పి, కాళ్లు కడుక్కుంటూనే పెరటివైపు చూసింది.

"తొమ్మిదీ పట్టినాయా దాని కింద?"

"ఏవి?"

"గుడ్లండీ. అడై పెట్టమని చెప్పి పంపితిని కదా."

"పెట్టాను. నాలుగు రోజులు బోనులోనే ఉంచాను. పూర్తిగా నయమైంది."

ఆమె చెంబు కింద పెట్టింది. చెత్తకుప్ప మీద గీరుకుంటున్న పెట్టను చూసింది. తరువాత నెమ్మదిగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. "కోడికి అడై అంటే పొదగేసేది. మూసేది కాదు."

"తమిళంలో మూయడాన్ని కూడా..."

"కోడికి తమిళం యాడ తెలుసు?"

ఊరంతా మూసివేతకు వాడే మాటనే పెరట్లో ఆడవాళ్లు పొదగడానికి వాడుతున్నారనీ, అది తన ఇంట్లో ముప్పై ఏళ్లుగా వినబడుతూనే ఉందనీ ఆయనకు అప్పుడు తెలిసింది.

ఆమె పెట్టను పట్టి, చీకటి బుట్టలో రెండు గుడ్ల మీద కూర్చోబెట్టి చూసింది. అది లేచి నిలబడి, గుడ్డును కాలితో నెట్టి బయటికి దూకింది. పొట్ట తడిమితే చల్లగా ఉంది.

"ఇది మరిచిపోయింది. తొలి గుడ్డుకి పద్దెనిమిది దినాలాయె. ఇంకో రెండు దినాలు దాటితే అన్నీ కూరకే."

పద్మనాభన్ కండువా వేసుకుని పక్కింటికి వెళ్లాడు. గోడ మీదుగా పిలవలేదు. వీధి గుమ్మం నుంచే వెళ్లాడు. కమలమ్మాళ్ విషయమంతా ఓపిగ్గా విన్నది.

"నా మొద్దుకోడి మీకెందుకు వాద్యారయ్యా? ముక్కు కుట్టినా దానికి బుద్ధి రాలేదని మీరేగా అంట్రి."

"అందుకే వచ్చానక్కా."

ఆమె అప్పుడు నవ్వింది. పిల్లలయితే ఒక జంట తనకివ్వాలనీ, ముక్కున ఈక తీయకూడదనీ షరతు పెట్టింది. ఆ ఈక ఉంటేనే కోడి గట్టిగా కూర్చుంటుందట. నిన్నటిదాకా లేపడానికి పెట్టిన ఈక ఇవాళ కూర్చోబెట్టడానికి ఎలా పనికొస్తుందని అడగబోయి, ఆయన నోరు మూసుకున్నాడు.

పొద్దు వాలే వేళ కోడిని బుట్టతో సహా తెచ్చి, కొట్టుగదిలో తొమ్మిది గుడ్ల మీద దించారు. జయలక్ష్మమ్మ దాని తల పట్టుకుని ఈకను మెల్లగా లాగేసింది.

"అక్క అడిగితే రాలిపోయిందని చెప్పండి."

"అబద్ధమా?"

"పోనీ, విన్నానని చెప్పండి."

తెల్లవారి ఆయన తలుపు సందులోంచి చెయ్యి పెట్టాడు. కోడి కుర్రుమని వేలు పొడిచింది. నెత్తుటి చుక్క వచ్చింది. ఆయన దాన్ని తుడుచుకోకుండానే వంటింట్లోకి వెళ్లి భార్యకు చూపించాడు.

ఇరవై ఒకటో రోజున ఐదు గుడ్లు చిట్లాయి. నాలుగు పిల్లలకు పుట్టుకతోనే మెడ బోసి. కమలమ్మాళ్ వచ్చి, తన ఈక మహిమ ఎలాంటిదో చూశారా అన్నది. వాటిలో పుంజు ఉందా అని కూడా అడిగింది. రెండు నెలలాగితే గానీ తెలియదనీ, చూసే చెబుతాననీ పద్మనాభన్ అన్నాడు.

ఆ సాయంత్రం నోటుపుస్తకం తీసి, గీత గీసిన వాక్యాన్ని కొట్టేయబోయాడు. అది నిజమే కనుక కలం ఆగింది. దాని కిందనే మరో వాక్యం చేర్చాడు: "మాట విన్నాను. అర్థం అడగలేదు."