నాలుగంకెల యనుమతి

హేమంతప్రభాతమున నాగావళీసైకతములపై నల్లుకొనిన తుషారయవనిక మెల్లమెల్లన విచ్చుచుండ, కళ్లములయందు బోసిన క్రొత్తవడ్ల పరిమళము గ్రామమెల్ల గ్రమ్ముచుండ, ఆరోగ్య ఉపకేంద్రపు టొంటిగదిలో నొక వింతసంభాషణము జరుగుచుండెను. మాటలాడునది నూకరత్నమను నలువదిదినముల బాలెంతరాలు. ఆలకించునది పలకవంటి యొక యంత్రము.

మనోవ్యథల నాలకించి వైద్యునకు నివేదించుటకై యా యంత్రము క్రొత్తగా వచ్చియుండెను. దానిని గనిపెట్టుకొనియున్న నర్సు భ్రమరాంబ తన వంశమున డిగ్రీ చదివిన మొదటి మనిషి. మనుష్యులయెదుట పెదవి విప్పని యీ పడుచు జీవములేని గాజుపలకయెదుట నింత ధారాళముగ నేమి చెప్పుచున్నదో యను కుతూహలము తన్ను దొలుచుచున్నను, తలుపు చేరవైచి వాకిటనే కూర్చుండెను.

కొంతవడికి నూకరత్నము బిడ్డనెత్తుకొని వెలికివచ్చి యిట్లనియె. "సెప్పీసినాను సిస్టరమ్మా. తిట్టనేదు, కసరనేదు. మా అత్తకన్నా నయం."

భ్రమరాంబ నవ్వుచు బలకను జూచి యులికిపడెను. పది నిమిషములలో నివేదికప్రతి నమోదైన ఫోనునకు బోవునని దానిపై వ్రాసియుండెను. ఆ ఫోనుసంఖ్యను నింపినది తానే. రేషనుకార్డునకు, గ్యాసునకు, పింఛనునకు నింటిపెద్ద సంఖ్యనే వ్రాయు నలవాటుచొప్పున నూకరత్నము మామయగు సూరన్న సంఖ్యను వ్రాసెను. కంటిచూపు మందగించిన సూరన్నయో, వచ్చిన ప్రతి సందేశమును ఫోనుచేతనే బిగ్గరగ జదివించి కళ్లమంతయు వినిపించువాడు!

"నువ్వు దానికి చెప్పింది మీ మావ వింటే ఇబ్బందా, రత్నం?"

నూకరత్నము బిడ్డను ఱొమ్మున కదుముకొనెను. "గుంటణ్ణి ఏటి ఒడ్డున వొగ్గేసి ఎలిపోవాలనిపిత్తందని సెప్పినానమ్మా. వింటే నన్ను కన్నోరింటికి తోలేత్తారు. గుంటణ్ణి నాకియ్యరు."

రోగి మర్మము నన్యులకు వెల్లడింపరాదని చట్టము. భ్రమరాంబ 'రద్దు' నొత్తెను. నమోదైన ఫోనునకు బంపిన నాలుగంకెలను వేయుమని యంత్రము కోరెను. ఎవనికి దాచవలెనో వానినే యనుమతి వేడవలసివచ్చెను గదా!

ఇరువురును పలకతో సూరన్నయున్న యెదుటి కళ్లమునకు బరువెత్తిరి. సూరన్న ఫోను పైకెత్తి, "ఏటి నర్సమ్మా, అంకెలొచ్చినాయి. గేసుకా, పింఛనుకా?" యనెను.

టీకాకొఱకని చెప్పిన సరిపోవును. ఆ మాట భ్రమరాంబ నాలుకచివరకు వచ్చెను. కాని యొక తప్పును గప్పుటకు వేఱొక తప్పు చేయనొల్లక రత్నమువైపు జూచెను.

నూకరత్నమే ముందునకు వచ్చెను. "అవి నావి మావా."

"నీవా? దేనికీ?"

"సెప్పను మావా. సెప్పకుండా ఉండడానికే."

"ఓలమ్మో, కోడలికి గుట్టొచ్చినాదిరోయ్!" అని తూర్పారబట్టు నొకతె కేకవేయ గళ్లమంతయు ఘొల్లుమనెను. సూరన్న మాత్రము నవ్వలేదు. కోడలి తడిసిన ఱెప్పలను దొలిసారి చూచినట్లు చూచెను. చదివించు మీటపైనున్న వ్రేలు మెల్లగ దొలగెను. "ఇదిగో, నువ్వే సూసి నొక్కు. నాను సూడను" అని ఫోను నామె చేతబెట్టి మొగము ఏటివైపు ద్రిప్పుకొనెను.

రత్నము పలకపై నాలుగంకెల నొత్తగ నివేదిక చెరిగెను, వ్యథ చెరుగలేదు. భ్రమరాంబ రత్నమును దోడ్కొనివచ్చి, ఆమె యనుమతి నడిగి, వైద్యునితో దానే ఫోనులో గలిపి, మరల వాకిట గూర్చుండెను. ఈసారి బిడ్డడు నర్సు యొడిలోనుండెను.

మర్మము చెప్పుకొనుటకు జెవి యొక్కటియే చాలదు, తలుపును వలయును. ఆ తలుపుగడియ చెప్పుకొనువారి చేతనుండవలయును. ప్రక్కనున్న పలకపై ఫోనుసంఖ్య వ్రాయవలసిన గడి యిప్పుడు రిక్తముగ మినుకుమినుకుమనుచుండెను. భ్రమరాంబ దానిని నింపలేదు.