ఏమీ పూయొద్దన్నారు

మా పాప కినాసి బుగ్గల మీద ఎర్రటి పొక్కులు లేచిన రోజు నుంచి ఇంట్లో ఉల్లిపాయకీ, ఆకుపచ్చ ఆకు బొమ్మకీ యుద్ధం మొదలైంది.

ఉల్లిపాయ మా అత్తగారిది. ఆవిడ జావాలో మా సుకోహర్జో సంతలో జామూ, అంటే మూలికల కషాయాలు, అమ్ముతారు. కచ్చోరం, బియ్యం నూరిన నీళ్లు, పసుపు చింతపండు నీళ్లు సీసాలకెత్తి, బుట్టలో సర్ది, వీపుకు కట్టుకుని తెల్లవారుతూనే బయలుదేరతారు. ఊళ్లో అందరూ ఆవిడని అమ్మా అన్నట్టు మ్బోక్ అని పిలుస్తారు. పిల్ల తుమ్మినా, ఊరికే ఏడ్చినా చిన్న ఉల్లిపాయలు దంచి, కొబ్బరినూనెలో కలిపి మాడు నుంచి అరికాళ్ల దాకా పూసేస్తారు.

ఆకు బొమ్మ నాది. ఫోనులో చూసి తెప్పించిన క్రీము డబ్బా మీద ఆ బొమ్మ, పక్కనే ఆర్గానిక్ అన్న ముద్ర ఉన్నాయి.

"అత్తయ్యా, ఉల్లి ఘాటుకే మండుతోంది దీనికి."

"నీ మొగుణ్ణి ఇదే పూసి పెంచాను. వాడి ఒంటి మీద ఒక్క మచ్చ చూపించు."

"ఆయన తోలు వేరు."

"అవునవును, నీ కూతురు మైనం బొమ్మ. ఆ డబ్బాలో ఏముందో చదువు, విందాం."

చదివాను. చామంతి, నారింజ తొక్క, నిమ్మగడ్డి, లవంగం, ఇంకా నోరు తిరగని పేర్లు. ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని, తెలిసిన పేరు తగిలినప్పుడల్లా ధైర్యం వచ్చేది. పేర్లు ఎన్ని ఎక్కువుంటే పిల్లకు అంత మంచిదనుకునేదాన్ని.

"లవంగమా?" అన్నారు అత్తగారు. "మీ మామగారి సిగరెట్లో పొగాకుతో కలిపేదీ అదే. పసిపిల్ల బుగ్గకి సిగరెట్టు పూస్తున్నావన్నమాట."

అయినా నేను ఆపలేదు, ఆవిడా ఆపలేదు. నేను పూసి స్నానానికి వెళ్తే, ఆవిడ తుడిచి నూనె పట్టించేవారు. పిల్ల గోక్కుని గోక్కుని బుగ్గలు రక్తాలు చేసుకుంది. చేతులకు మేజోళ్లు తొడిగి, దాన్ని చూస్తూ కూర్చునేదాన్ని. ఆ మచ్చలు జన్మంతా ఉండిపోతాయేమోనని నాకు అన్నం సయించేది కాదు.

ఊళ్లో పసిపిల్లల బరువు తూచే రోజు నర్సు రత్రి దగ్గరకు ఇద్దరం వెళ్లాం. డబ్బా నేను పెట్టాను, సీసా ఆవిడ పెట్టారు. ఎదుటివాళ్లదే తప్పని తేలాలని ఇద్దరికీ ఉంది.

నర్సు రెండూ వాసన చూసి, "రెండూ ఆపండి" అంది.

"రెండూనా?" ఇద్దరం ఒకేసారి అన్నాం. పెళ్లయ్యాక మా ఇద్దరి నోటా ఒకే మాట రావడం అదే మొదలు.

"నాది ఆర్గానిక్ అండీ, ముద్ర కూడా ఉంది" అన్నాను.

"ఆ ముద్ర మొక్కను ఎలా పెంచారో చెబుతుంది. మీ పాప ఒంటికి పడుతుందని చెప్పదు. ఎరువు వెయ్యకుండా పెంచితే దూలగొండి దురద పెట్టడం మానేస్తుందా?"

అత్తగారు కిసుక్కున నవ్వారు.

"మీరు నవ్వకండి మ్బోక్. పెరట్లో కాసిన ఉల్లిపాయే కదా, కోస్తే కళ్లు మండవా? మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది వదిలెయ్యండి. ఏమీ పూయకండి. వారంలో తగ్గకపోతే డాక్టరుకు చూపిద్దాం."

ఏమీ పూయకుండా ఉండటం ఇంత కష్టమని అప్పుడు తెలిసింది. ఆవిడ చేతులకు నేను కాపలా, నా చేతులకు ఆవిడ కాపలా. వారం తిరిగేసరికి బుగ్గలు మామూలయ్యాయి.

అది చూసి, అక్కా అన్నట్టు నేను యూ అని పిలిచే పక్కింటి సర్మి కొడుకుని ఎత్తుకుని వచ్చింది. వాడి మెడంతా కమిలిపోయింది. వాడి ఒంటి నుంచి లవంగం, పసుపు, ఉల్లి, అన్నీ కలిసిన వాసన.

"ఏం పూశారో చెప్పు వెనింగ్."

"ఏమీ పూయలేదు యూ. నీళ్లతో కడిగామంతే."

"చెప్పడం ఇష్టం లేకపోతే లేదను. జామూ అమ్మే ఇంట్లో ఏమీ పూయలేదంటే మీ కోళ్లయినా నమ్ముతాయా? సరే, వేప నూరి పట్టిస్తాలే."

అత్తగారు లోపలికి వెళ్లి, కాచి చల్లార్చిన నీళ్లు ఒక సీసాలో పోసి, అరిటాకు చుట్టి బిరడా బిగించి తెచ్చారు. "ఇదిగో, రెండు పూటలా దీంతో కడుగు. కానీ పథ్యం ఉంది. ఇది వాడినన్నాళ్లూ ఒంటి మీద ఇంకేది తగిలినా పనిచెయ్యదు. వారంలో తగ్గకపోతే నర్సు దగ్గరకు పో."

సర్మి సీసాను వెలుగులో పెట్టి చూసింది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వాసనే లేదేం మ్బోక్?"

"అదే దీని గొప్ప."

నమ్మకం కుదరక నా వైపు తిరిగింది. "నువ్వు అట్టల మీద రాసింది చదివేదానివి. ఇది పూర్తిగా సహజమేనా?"

అత్తగారు కోళ్ల వైపు చూస్తున్నారు.

"పూర్తిగా, యూ" అన్నాను. పిల్ల పుట్టాక ఒక సీసాలో ఉన్నదంతా ఏమిటో నాకు తెలియడం అదే మొదటిసారి.