బెనౌదా హాలు

భూకంపం వచ్చిన ఏడాది యూనివర్సిటీలో ఆ రేకుల షెడ్డు వేశారు. రెండేళ్లు ఓపిక పట్టండి, ఆ తర్వాత పక్కా భవనమే అన్నారు. ఆ మాట అన్నవాళ్లంతా రిటైరయ్యారు, కొందరు మట్టిలో కలిశారు, షెడ్డు మాత్రం నిక్షేపంగా ఉంది. ఎందుకుండదూ? కారుతోంది బాగుచేయమంటే "కూల్చేసేదానికి ఖర్చెందుకు" అంటారు, సరే కూల్చమంటే "చూద్దాం" అంటారు. అల్జీరియాలో ఒరాన్ నగరానికి వెళ్లే దారిలో ఉన్న మా ఊళ్లో పనులన్నీ ఇలాగే ఏడుస్తాయి.

ఖైరా మొగుడు బెనౌదా ఆ షెడ్డులోనే తల నెరిసేదాకా లెక్కలు చెప్పాడు. వానాకాలం బకెట్లు పెట్టుకుని చెప్పాడు. గాలి వీస్తే పైనుంచి రాలే బూడిదరంగు పొడిని పుస్తకం మీంచి ఊదుకుంటూ చెప్పాడు. అవి ఆస్బెస్టాస్ రేకులు. ఆ పొడే ఊపిరితిత్తుల్లో చేరిందని డాక్టరు కనుక్కునేసరికి చెయ్యి దాటిపోయింది. మంచాన పడ్డాక కూడా ఆయనకు ఒకటే బెంగ, పిల్లలు ఇంకా దాని కిందే కూర్చుంటున్నారని. ఎలాగైనా దాన్ని పీకించెయ్యమని ఖైరా చెయ్యి పట్టుకుని అడిగాడు. ఆయన పోయాక ఆమె అదే పని మీద ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. సీహామ్ అనే విద్యార్థిని పదిమందిని పోగేసి, షెడ్డు కూల్చేదాకా యూనివర్సిటీ గేటుకు తాళం వేస్తామంది.

ఆయన పోయిన నలభయ్యో రోజు భోజనాలకు డీన్ ఇంటికొచ్చాడు. కుస్‌కుస్ తిని, చెయ్యి కడుక్కుని, ఆ షెడ్డుకు బెనౌదా పేరు పెడుతున్నామని ప్రకటించాడు. ఖైరా మరిది లఖ్దర్ ఉబ్బితబ్బిబ్బై అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. ఆడవాళ్ల గదిలో ఉన్న ఖైరాకు ఆ సంగతి తర్వాత తెలిసింది.

"మీ అన్నను చంపినదానికి మీ అన్న పేరా, లఖ్దర్?"

"అమరవీరులకు చేసే మర్యాద వదినా ఇది. కాదంటే నలుగురిలో తలెత్తుకోగలమా?"

అయితే ఆ నలుగురిలోనే కాదంటానని ఆమె పంతం పట్టింది. పేరు పెట్టే రోజున ఏమనాలో దారి పొడుగునా లోలోపలే చెప్పుకుంటూ వెళ్లింది.

షెడ్డు తలుపు పక్కన ఫలకం మీద జాతీయజెండా కప్పారు. పోయినవారి కోసం ఫాతిహా ప్రార్థన చదివాక లఖ్దర్ జెండా అంచు వదిన చేతికందించాడు. ముందు మాట్లాడి తర్వాత లాగాలనుకుందో, లాగి మాట్లాడాలనుకుందో, జెండా జారిపోయింది. తెల్లటి చలువరాయి, దాని మీద నల్లగా ఆయన పేరు. ఇంట్లో ఆ పేరెత్తడానికే అందరూ జంకుతున్నారు. ఆమె వేళ్లు వాటంతటవే అక్షరాలను తడిమాయి. రాయి ఎండకు వెచ్చగా ఉంది. కాదనాలని వచ్చిన మనిషి ఆ పేరును మొదటినుంచి మళ్లీ తడిమింది.

"నేనుండగా ఈ హాలు మీద ఎవరి చెయ్యీ పడనివ్వనమ్మా," అన్నాడు డీన్. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

అందరూ కాఫీలు తాగి వెళ్లిపోయాక సీహామ్ దగ్గరకొచ్చింది.

"రేపు తాళం వేసేస్తాం మేడమ్. కానీ ఇప్పుడిక్కడ సార్ పేరుంది. మీరు ఊ అనకుండా మావాళ్లెవరూ కదలరు."

ఖైరా ఫలకం మీంచి చెయ్యి తియ్యలేదు. దీన్ని కూల్చితే రాయి పగిలిపోతుంది కదా అన్న ఒక్క ఆలోచనే ఆమెను పట్టుకుంది.

"వద్దమ్మా," అంది. "ఉండనీ."

 క్లాసుకు వేళైందని సీహామ్ లోపలికి వెళ్లి, రేకుల కింద బల్ల మీద కూర్చుంది. కిటికీలోంచి ఆ పిల్ల తలే కనిపిస్తోంది. పిలిచి మాట వెనక్కి తీసుకుందామని ఖైరా నోరు తెరిచింది గానీ పిలవలేకపోయింది. బెనౌదాయే బతికుంటే ఈ పూటతో తన మొహం చూడటం మానేసేవాడని ఆమెకు తెలుసు.